కలలకు కదలిక నేర్పిన చిత్రకారుడు - విన్సర్ మెకే

పాఠ్యభాగ నేపథ్యం

వార్తాపత్రికలలోని బొమ్మల కథలూ, తెరపై కదలాడే యానిమేషన్ చిత్రాలూ చాలాకాలం పిల్లల కాలక్షేపంగానే పరిగణన పొందాయి. వాటిని కళాస్థాయికి చేర్చడానికి జీవితాంతం శ్రమించిన వారిలో అమెరికా చిత్రకారుడు విన్సర్ మెకే అగ్రగణ్యులు. ఆయన ప్రతిభను, పట్టుదలను, కళను అందరితో పంచుకున్న ఔదార్యాన్ని, ఆ కళ కేవలం వ్యాపారంగా మారుతున్నప్పుడు ఆయన పడిన ఆవేదనను ఈ పాఠం తెలియజేస్తుంది.

ఉషాపరిణయ కథలోని చిత్రలేఖ మనకు చిరపరిచిత. బాణాసురుని కుమార్తె ఉష కలలో ఒక సుందరాంగుణ్ణి చూసింది. మేల్కొన్న తరువాత అతడెవరో తెలియక పరితపించింది. అప్పుడు ఆమె చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపాలను పటంపై ఒక్కొక్కటిగా లిఖించి చూపగా, ఉష వారిలో అనిరుద్ధుణ్ణి గుర్తించింది. కంటిరెప్ప తెరవగానే కరిగిపోయే కలను రేఖలతో బంధించి నిలపవచ్చునని ఆ కథ మనకు సూచిస్తుంది. ఆ పనినే జీవితవ్రతంగా స్వీకరించిన చిత్రకారుడు ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభంలో అమెరికాలో వర్ధిల్లారు. ఆయన కలలను కాగితంపై నిలపడంతో తృప్తి చెందలేదు. నిలిచిన బొమ్మను నడిపించారు, నవ్వించారు, ఏడిపించారు. ఆయనే విన్సర్ మెకే.

బాల్యం - విద్యాభ్యాసం

మెకే పూర్తి పేరు జీనస్ విన్సర్ మెకే. తండ్రి రాబర్ట్ తన యజమాని పట్ల గల గౌరవంతో ఆయన పేరునే కుమారునికి పెట్టుకున్నారు. మెకే తాను 1871లో మిషిగన్ రాష్ట్రంలోని స్ప్రింగ్ లేక్‌లో జన్మించినట్లు చెప్పుకొనేవారు. జనాభా లెక్కల పత్రాలు మాత్రం ఆయన 1867లో కెనడాలో పుట్టినట్లు తెలుపుతున్నాయి. ఏది ఏమైనా ఆయన బాల్యం మిషిగన్ రాష్ట్రంలో, కలప వ్యాపారం సాగే చిన్న ఊళ్లలో గడిచింది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్నట్లు మెకేకు చిన్ననాటనే చిత్రలేఖనం అబ్బింది. ఒకసారి ఇంటికి నిప్పంటుకున్నప్పుడు, కిటికీ అద్దంపై పేరుకున్న మంచుపొర మీద మేకుతో ఆ అగ్నిప్రమాద దృశ్యాన్ని గీశారని ఆయన బాల్యాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. చూసిన వస్తువును తిరిగి చూడకుండానే, దాని చిన్న చిన్న వివరాలు కూడా విడిచిపెట్టకుండా గీయగలగడం ఆయన ప్రత్యేకత. పదమూడేళ్ల వయసులో బడిలోని నల్లబల్లపై ఆయన ఓడ మునిగిపోతున్న దృశ్యాన్ని చిత్రించగా, దానిని ఫోటో తీసి ప్రతులు అమ్మారు. మునిగిపోతున్న మరొక ఓడ తన జీవితంలోని గొప్ప చిత్రాలలో ఒకదానికి వస్తువు కాగలదని ఆ బాలుడు అప్పుడు ఊహించి ఉండడు.

బొమ్మలు గీస్తే బతుకు గడవదన్నది తండ్రి అభిప్రాయం. అందుచేత ఆయన 1886లో కుమారుణ్ణి ఇప్సిలాంటి పట్టణంలోని వ్యాపారవిద్యా కళాశాలలో చేర్పించారు. మెకే మనసు జమాఖర్చుల లెక్కల మీద నిలవలేదు. తరగతులు మాని సమీపంలోని డెట్రాయిట్ నగరానికి వెళ్లి, వింతలను ప్రదర్శించే ఒక వినోదశాలలో సందర్శకుల రూపచిత్రాలు గీసి, ఒక్కొక్క దానికి ఇరవై ఐదు సెంట్లు సంపాదించేవారు. అక్కడ జనం చుట్టూ మూగి చూస్తుండగా వేగంగా గీయడం ఆయనకు అలవడింది. చూసేవారి ఆశ్చర్యం ఆయనకు ఉత్సాహాన్నిచ్చేది. ఈ రెండు గుణాలూ ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

ఇప్సిలాంటిలోనే మెకేకు ఉత్తమ గురువు లభించారు. అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యులైన జాన్ గుడిసన్ ఈ యువకునిలోని ప్రతిభను గుర్తించి, విడిగా పాఠాలు చెప్పారు. దగ్గరి వస్తువులు పెద్దవిగా, దూరపు వస్తువులు చిన్నవిగా కనిపించే తీరును రేఖాగణిత సూత్రాలతో సాధించే పద్ధతిని ఆయన శిష్యునికి కూలంకషంగా నేర్పారు. గుడిసన్ పూర్వం రంగుటద్దాల పనిలో అనుభవం గడించినవారు. నల్లని స్పష్టమైన రేఖల మధ్య స్వచ్ఛమైన రంగులు నింపే మెకే శైలిలో ఆ గురువు ప్రభావం కనిపిస్తుంది. మెకే కళాశాలలలో చదివిన చిత్రకళ అంతంత మాత్రమే. గుడిసన్ వద్ద పొందిన శిక్షణే ఆయనకు తరగని మూలధనమైంది.

పత్రికారంగ ప్రవేశం

1889లో మెకే షికాగో నగరం చేరుకున్నారు. కళాశాలలో చేరాలన్న కోరిక ఉన్నా, అందుకు తగిన ధనం లేకపోవడంతో ఒక ముద్రణాలయంలో సర్కస్ గోడపత్రికలకు బొమ్మలు గీసే పనిలో కుదిరారు. 1891లో సిన్సినాటి నగరానికి వెళ్లి, అక్కడి వినోదశాలకు ప్రకటనచిత్రాలు రూపొందించారు. మాడ్ అనే యువతిని వివాహమాడారు. వారికి రాబర్ట్, మారియన్ అనే ఇద్దరు సంతానం కలిగారు. కుటుంబ పోషణకు స్థిరమైన ఆదాయం అవసరం కావడంతో ఆయన సిన్సినాటి వార్తాపత్రికలలో చిత్రకారునిగా చేరారు. ఫోటోలు ముద్రించే పద్ధతి ఇంకా విస్తరించని ఆ రోజులలో, వార్తకు తగిన దృశ్యాన్ని గంటల వ్యవధిలో గీసి ఇవ్వవలసిన బాధ్యత పత్రికా చిత్రకారులపై ఉండేది. ఆ పనిలో మెకే కలం మరింత పదునెక్కింది.

1903లో సిన్సినాటి ఎన్‌క్వైరర్ పత్రికలో ఆయన గీసిన అడవి కథల ధారావాహిక న్యూయార్క్ పత్రికాధిపతుల దృష్టిని ఆకర్షించింది. ఆ కథలలో ఆఫ్రికా ప్రజలను హేళన చేస్తూ చిత్రించిన తీరు ఆనాటి అమెరికా సమాజంలో పాతుకుపోయిన వర్ణవివక్షకు అద్దం పడుతుంది. తరువాతి చిత్రకథలలోనూ ఈ దోషం అక్కడక్కడ కనిపిస్తుంది. తన కాలాన్ని ఎన్నో విధాల అధిగమించిన ఈ కళాకారుడు ఈ విషయంలో మాత్రం కాలాన్ని దాటలేకపోయారు. ఆ సంవత్సరం చివరలో ఆయన న్యూయార్క్ హెరాల్డ్ సంస్థలో చేరారు.

చిత్రకథలలో కొత్త పోకడలు

న్యూయార్క్‌లో మెకే ప్రతిభ వేయి రేకులతో వికసించింది. 1904లో ఆయన తుమ్ముల బాలుడు శామీ కథలను ప్రారంభించారు. శామీ తుమ్మితే చాలు, చుట్టుపక్కల ఉన్నదంతా చెల్లాచెదురవుతుంది. ప్రతివారమూ ఇదే కథ. అయినా పాఠకులకు విసుగు కలిగేది కాదు. 1905లో వచ్చిన ఒక పుటలో శామీ తుమ్మగానే బొమ్మ చుట్టూ ఉన్న గీతల చట్రమే పగిలి అతని మీద కూలిపోతుంది. బొమ్మ తాను బొమ్మనని తెలుసుకున్నట్లున్న ఆ ఊహ ఆనాటి పాఠకులకు సరికొత్త అనుభవం.

అదే సంవత్సరం, అంటే 1904 సెప్టెంబరులో, ఈవెనింగ్ టెలిగ్రామ్ పత్రికలో రేర్‌బిట్ ప్రియుల కలలు అనే చిత్రకథను ఆయన సైలస్ అనే మారుపేరుతో ఆరంభించారు. కాల్చిన రొట్టెపై కరిగించిన జున్ను పోసి చేసే వంటకమే రేర్‌బిట్. రాత్రిపూట దానిని తిని పడుకున్నవారికి పీడకలలు వస్తాయన్న నమ్మకం ఈ కథలకు ఆధారం. ఇందులో శాశ్వతమైన పాత్రలు లేవు. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు భయంకరమైన కల కని, చివరి గడిలో మేల్కొని, రాత్రి తిన్న తిండిని నిందించుకుంటారు. ఒక కథలో తనను సమాధి చేస్తుండగా మరణించినవాడు శవపేటికలో నుండి పైకి చూస్తుంటాడు. పాఠకుడు కూడా ఆ దృశ్యాన్ని అతని కళ్లతోనే చూస్తాడు. ఇవి పెద్దల భయాలను, సిగ్గును, ఆశలను చిత్రించిన కథలు. పాఠకులు తమ కలలను ఉత్తరాల ద్వారా పంపేవారు. మెకే వాటిలో కొన్నింటిని స్వీకరించి, పంపినవారి పేరు పేర్కొని కృతజ్ఞతలు తెలిపేవారు.

1905 అక్టోబరు 15న న్యూయార్క్ హెరాల్డ్ ఆదివారపు సంచికలో ఆయన కీర్తిపతాక ఎగిరింది. నిద్రాలోకంలో లిటిల్ నీమో అనే వర్ణచిత్రకథ ఆనాడు ప్రారంభమైంది. దీని కథానాయకుడైన బాలుని రూపానికి తన కుమారుడు రాబర్ట్‌నే ఆయన నమూనాగా తీసుకున్నారు. నిద్రాలోకపు రాజు తన కుమార్తెతో ఆడుకోవడానికి నీమోను ఆహ్వానిస్తాడు. నీమో ప్రతిరాత్రీ ప్రయాణమవుతాడు. గమ్యం చేరబోయే వేళకు ఏదో ఒక ఆటంకం ఎదురై మెలకువ వస్తుంది. చివరి గడిలో అతడు మంచం మీదనో, మంచం కిందనో కనిపిస్తాడు.

పాఠకులు కథ కోసమే కాక, బొమ్మల కోసం కూడా ఆ పుటను పదే పదే చూసేవారు. అంతవరకు పత్రికలలోని చిత్రకథల గడులన్నీ సాధారణంగా ఒకే పరిమాణంలో ఉండేవి. మెకే కథ అవసరాన్ని బట్టి గడులను పెంచారు, తగ్గించారు, నిలువుగా సాగదీశారు. 1908 జూలైలో వెలువడిన ఒక పుటలో నీమో మంచం కాళ్లు చెట్ల కంటె ఎత్తు పెరిగి, ఆ మంచం నగర భవనాల మీదుగా నడిచిపోతుంది. కాళ్లు పెరిగిన కొద్దీ గడులు కూడా పొడవు పెరుగుతాయి. గుడిసన్ నేర్పిన దూరదృశ్య సూత్రాలు, సర్కస్ గోడపత్రికల అలంకారం, హెరాల్డ్ ముద్రాపకుల వర్ణనైపుణ్యం ఆ పుటలలో త్రివేణీ సంగమంలా కలిశాయి. 1908లో లిటిల్ నీమో సంగీత నాటకంగా న్యూయార్క్ రంగస్థలాన్ని కూడా అలంకరించింది.

రంగస్థలం నుండి తెర మీదికి

పత్రికకు పని చేస్తూనే మెకే 1906 జూన్‌లో రంగస్థలం ఎక్కారు. పాట, నృత్యం, గారడి, హాస్యం కలగలిసిన వాడెవిల్ ప్రదర్శనలు ఆనాడు అమెరికాలో విశేష ప్రజాదరణ పొందాయి. వాద్యబృందం సంగీతం వినిపిస్తుండగా మెకే నల్లబల్లపై సుద్దముక్కతో ఒక స్త్రీ, ఒక పురుషుని ముఖాలు గీసి, వాటిని కొద్ది కొద్దిగా మారుస్తూ శైశవం నుండి వార్ధక్యం వరకు చూపేవారు. పదిహేను నిమిషాలలో ఇరవై ఐదు చిత్రాలు పూర్తయ్యేవి. బొమ్మ కాలంతో పాటు మారడమన్న భావన అప్పటికే ఆయన చేతివేళ్లలో ఉన్నదన్నమాట.

ఒకనాడు కుమారుడు రాబర్ట్ కొన్ని చిన్న పుస్తకాలను ఇంటికి తెచ్చాడు. వాటి పుటలను బొటనవేలితో గబగబా వదిలితే అందులోని బొమ్మలు కదిలినట్లు కనిపించేవి. ఆ ఆటవస్తువులో మెకే ఒక మహాకళకు బీజాన్ని దర్శించారు. కదిలే బొమ్మలకు ఆయన ఆద్యుడు కాడు. అమెరికాలో బ్లాక్‌టన్ 1906లోను, ఫ్రాన్సులో ఎమీల్ కోల్ 1908లోను అటువంటి చిత్రాలను నిర్మించారు. కాని బొమ్మకు కదలికతో పాటు బరువును, ఊపిరిని, స్వభావాన్ని ఇవ్వడం మెకేతోనే సాధ్యమైంది.

ఆ పనికి ఎంత శ్రమ అవసరమో గ్రహించాలంటే ఒక చిన్న లెక్క చాలు. ఆనాటి చలనచిత్రంలో సెకనుకు సుమారు పదహారు చిత్రాలు కంటి ముందు నుండి సాగిపోవాలి. అంటే ఒక నిమిషానికి దాదాపు వెయ్యి చిత్రాలు కావాలి. ముందు బొమ్మకు, తరువాతి బొమ్మకు నడుమ తేడా వెంట్రుకవాసి మాత్రమే. అది తప్పితే తెరపై బొమ్మ కుప్పిగంతులు వేస్తుంది. పగలు పత్రిక పని, సాయంత్రం రంగస్థలం, మిగిలిన సమయంలో ఈ బొమ్మలు. ఈ విధంగా నాలుగు వేల చిత్రాలు గీసి ఆయన 1911లో లిటిల్ నీమో చిత్రాన్ని విడుదల చేశారు. చిత్రంలో కొంత భాగానికి ఫిల్ముపైనే చేతితో రంగులు కూడా అద్దారు.

ప్రేక్షకులు మెచ్చుకున్నారు, కాని నమ్మలేదు. నిజమైన పిల్లలనే ఏదో ఉపాయంతో ఫోటో తీశారని కొందరు భావించారు. 1912లో ఆయన దోమ కథను చిత్రంగా తీశారు. టోపీ ధరించిన ఒక పెద్ద దోమ తన తొండాన్ని సానరాతిపై పదును పెట్టుకుని, నిద్రిస్తున్న మనిషి రక్తాన్ని అత్యాశతో పీల్చి పీల్చి చివరకు పగిలిపోతుంది. ఈసారి తీగలు కట్టి బొమ్మను ఆడించారన్న అనుమానం వచ్చింది. తాను గీసినవి బొమ్మలేనని నిరూపించడానికి మెకే ఒక చక్కని మార్గం ఆలోచించారు. లోకంలో ఎక్కడా సజీవంగా లేని ప్రాణిని చూపిస్తే, ఎవరూ దానిని ఫోటో తీశారని అనలేరు. ఆ ఆలోచన నుండి పుట్టినదే గెర్టీ అనే డైనోసార్.

గెర్టీ

గెర్టీ కోసం మెకే సుమారు పదివేల చిత్రాలు గీశారు. ప్రతి కాగితంపైనా గెర్టీతో పాటు కొండలు, చెరువు, చెట్టు కూడా మళ్లీ మళ్లీ గీయవలసిందే. పొరుగున ఉండే జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే చిత్రకళా విద్యార్థి నేపథ్యదృశ్యాన్ని ప్రతి కాగితంపై ఓపికగా దించిపెట్టాడు. కాగితాలు ఒకదానిపై ఒకటి తొణకకుండా సరిపోవడానికి మూలలలో కూడిక గుర్తులు వేసుకున్నారు. ఒక కదలికలోని ముఖ్యమైన భంగిమలను ముందుగా గీసి, నడుమ రావలసిన వాటిని తరువాత పూరించే పద్ధతిని మెకే అనుసరించారు. పదే పదే జరిగే కదలికకు గీసిన చిత్రాలనే తిరిగి వాడుకున్నారు. గెర్టీ ఉచ్ఛ్వాస నిశ్వాసాలు సహజంగా ఉండాలని, గడియారం ముందు పెట్టుకుని తన ఊపిరినే లెక్కించారు. ముఖ్య భంగిమలను ముందుగా గీసే పద్ధతి తరువాతి కాలంలో యానిమేషన్ పరిశ్రమకు పునాదిగా నిలిచింది.

1914 ఫిబ్రవరి 8న షికాగోలోని పాలెస్ థియేటర్‌లో గెర్టీ తొలిసారి ప్రేక్షకుల ముందుకు వచ్చింది. మెకే చేత కొరడా ధరించి తెర పక్కన నిలబడి ఆజ్ఞాపించేవారు. తెరపై గెర్టీ గుహలో నుండి బెరుకుగా తొంగిచూసి, బయటికి వచ్చి, సభకు వంగి నమస్కరించేది. చెప్పినట్లు కాలు ఎత్తేది. మధ్యలో మాట వినకుండా చెట్టును పెకలించి నమిలేది. మందలిస్తే కన్నీళ్లు కార్చేది. మెకే పండు విసిరినట్లు నటించి దానిని చేతిలో దాచుకోగా, అదే క్షణంలో తెరపై గెర్టీ పండును నోటితో అందుకునేది. చివరకు మెకే తెర వెనుకకు వెళ్లేవారు. మరుక్షణంలో ఆయన రూపం బొమ్మగా తెరపై ప్రత్యక్షమై, గెర్టీ వీపునెక్కి సాగిపోయేది. మనిషికీ, బొమ్మకూ నడుమ ఉన్న హద్దు ఆ క్షణంలో చెరిగిపోయేది. ఆ తెరపై ఒక మహాకాయం కదలాడటమే కాదు, అలకా, కొంటెతనమూ, సిగ్గూ కలిగిన ఒక జీవి అక్కడ నిలిచి ఉండేది. యానిమేషన్‌లో స్వభావచిత్రణకు గెర్టీ మేలిమి ఉదాహరణగా నేటికీ నిలిచి ఉన్నది.

పంచిన విద్య - ఎదురైన ఆటంకాలు

మెకే తన పద్ధతులను రహస్యంగా దాచుకోలేదు. వాటిపై పేటెంటు హక్కులు పొందడానికి ఆయన ఇష్టపడలేదు. అడిగినవారికి వివరించేవారు. విద్య పంచిన కొద్దీ పెరుగుతుందన్నది ఆయన విశ్వాసం. గెర్టీ చిత్రం తయారవుతున్న రోజులలో పత్రికారచయితనని చెప్పుకొని ఒక వ్యక్తి ఆయన వద్దకు వచ్చి పనితీరును పరిశీలించాడు. ఆయన జాన్ బ్రే. తరువాత బ్రే ఆ పద్ధతులలో కొన్నింటిపై 1914లో పేటెంట్లు సంపాదించి, మెకే పైననే వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం నెగ్గలేదు. ఇంత జరిగినా మెకే తాను ఎంచుకున్న మార్గాన్ని వీడలేదు.

మరొక ఆటంకం ఆయన పనిచేసే చోటనే ఎదురైంది. 1911లో మెకే హెరాల్డ్‌ను వీడి, పత్రికాసామ్రాట్టు విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ సంస్థలో చేరారు. తాను అధిక వేతనం ఇచ్చి పెట్టుకున్న చిత్రకారుడు రంగస్థలంపై కాలం గడపడం హర్‌స్ట్‌కు నచ్చలేదు. 1914లో న్యూయార్క్ వెలుపల ప్రదర్శనలు ఇవ్వరాదని నిర్బంధించారు. చిత్రకథలను కూడా మానిపించి, సంపాదకీయ వ్యాసాలకు బొమ్మలు గీసే పనిని అప్పగించారు. కలలకు రెక్కలు తొడిగిన కలం ఇతరుల అభిప్రాయాలకు రూపమివ్వడానికి పరిమితమైంది. ప్రేక్షకులు ఆదరిస్తున్న సమయంలోనే గెర్టీ సజీవ ప్రదర్శనకు ఇలా పరిమితులు ఏర్పడ్డాయి. కళాకారునికి జీతం పెరిగిన కొద్దీ స్వేచ్ఛ తగ్గిన దృష్టాంతమిది.

లుసిటానియా

1915 మే 7న జర్మన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో దాడికి లుసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల నౌక ఐర్లండు తీరం సమీపంలో మునిగిపోయింది. పద్దెనిమిది నిమిషాలలో అంతా ముగిసింది. దాదాపు పన్నెండు వందల మంది మరణించారు. ఈ ఘోరం మెకేను కలచివేసింది. కాని ఆయన పనిచేస్తున్న హర్‌స్ట్ పత్రికలు అమెరికా యుద్ధంలో చేరడాన్ని వ్యతిరేకిస్తున్నాయి. పగలు ఆ విధానానికి అనుగుణంగా పత్రికకు బొమ్మలు గీస్తూ, మిగిలిన వేళలలో సొంత ధనం వెచ్చించి తన అంతరంగం చెప్పిన సత్యాన్ని ఆయన చిత్రించసాగారు.

నౌక మునిగిన దృశ్యానికి ఫోటోలు లేవు. లేని సాక్ష్యాన్ని రేఖలతో నిర్మించడమే ఆయన సంకల్పం. ఈసారి పారదర్శకమైన సెల్యులాయిడ్ పత్రాలపై కదిలే బొమ్మలు గీసి, వాటిని ఒకసారి గీసిన నేపథ్యంపై ఉంచి ఫోటో తీశారు. దానితో నేపథ్యాన్ని మళ్లీ మళ్లీ గీసే శ్రమ తప్పింది. అయినా సుమారు ఇరవై ఐదు వేల చిత్రాలు, ఇరవై రెండు నెలల కాలం పట్టాయి. 1918 జూలై 20న విడుదలైన లుసిటానియా చిత్రం పన్నెండు నిమిషాల నిడివి గలది. అందులో హాస్యం లేదు. నల్లని పొగ, ఎత్తుగా ఒరిగిన నౌక, దాని అంచుల నుండి చీమల వలె రాలిపోతున్న మనుషులు, చివరకు బిడ్డను పైకెత్తిపట్టి నీటిలో మునిగిపోతున్న ఒక తల్లి. బొమ్మలు నవ్వించడానికే ఉన్నాయని భావించేవారికి అవి కంటతడి కూడా పెట్టించగలవని ఈ చిత్రం నిరూపించింది. యుద్ధకాలంలో వెలువడిన ఈ చిత్రంలో శత్రుదేశంపై ఆగ్రహం బాహాటంగా కనిపించే మాట నిజమే. అయితే ఒక చారిత్రక దుర్ఘటనను యానిమేషన్‌లో గంభీరంగా నమోదు చేసిన తొలి ప్రయత్నాలలో దీని స్థానం విశిష్టమైనది.

చివరి రోజులు

1921లో మెకే తన పాత రేర్‌బిట్ కలల ఆధారంగా మూడు లఘుచిత్రాలు రూపొందించారు. వాటిలో ఎగిరే ఇల్లు అన్నది ప్రసిద్ధం. అప్పులవాళ్ల బాధ పడలేక ఒక భర్త తన ఇంటికే రెక్కలు అమర్చి, భార్యతో సహా ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఆ తరువాత ఆయన నుండి చెప్పుకోదగిన యానిమేషన్ చిత్రం వెలువడలేదు. అప్పటికి యానిమేషన్ పరిశ్రమగా మారింది. అనేకులు పనిని పంచుకుని, వారం వారం చిత్రాలను తయారుచేసి పంపిణీ చేస్తున్నారు. ఒక్క చిత్రానికి రెండేళ్లు వెచ్చించే మెకే వంటి వారికి అక్కడ చోటు లేకపోయింది.

1924లో ఆయన తిరిగి పాత పత్రికలో చేరి లిటిల్ నీమోను పునరుద్ధరించారు. పాఠకుల అభిరుచి మారిపోయినందువల్ల 1926లో అది ఆగిపోయింది. ఒకప్పుడు ఆదివారపు పత్రికకు అలంకారమైన ఆ చిత్రకథపై హక్కులన్నింటినీ యాజమాన్యం ఒక్క డాలరుకు ఆయనకే వదులుకున్నది. 1927లో న్యూయార్క్‌లోని యానిమేషన్ చిత్రకారులందరూ కలిసి ఆయన గౌరవార్థం విందు ఏర్పాటు చేశారు. ఆ సభలో మెకే మొదట సాంకేతిక విషయాలను ముచ్చటించారు. శ్రోతలు అంతగా ఆసక్తి చూపలేదు. చివరకు ఆయన యానిమేషన్ ఒక కళ కావాలని తాను ఆశించగా, వారు దానిని కేవలం వ్యాపారంగా మార్చివేశారని నిర్మొహమాటంగా చెప్పి కూర్చున్నారు. సన్మానసభలో ఆయన వెలిబుచ్చిన ఈ ఆవేదన యానిమేషన్ చరిత్రలో చిరస్మరణీయమైంది.

1934 జూలై 26న విన్సర్ మెకే బ్రూక్లిన్‌లోని స్వగృహంలో మెదడులో రక్తప్రసరణకు అంతరాయం కలిగి మరణించారు.

కీర్తిశేషం

మెకే మరణానంతరం ఆయన కృషి చాలాకాలం మరుగున పడింది. ఆనాటి ఫిల్ము కాలక్రమంలో దానంతట అదే శిథిలమయ్యే స్వభావం గలది. సరైన సంరక్షణ లేక చాలా చిత్రాల చుట్టలు నశించాయి. గెర్టీ కోసం గీసిన పదివేల చిత్రాలలో నేడు సుమారు నాలుగు వందలు మాత్రమే మిగిలాయి. అయితే 1955లో వాల్ట్ డిస్నీ తన టెలివిజన్ కార్యక్రమంలో గెర్టీ ప్రదర్శనను తిరిగి చూపి, తమ కళకు మూలపురుషుని లోకానికి గుర్తుచేశారు. 1972 నుండి యానిమేషన్ రంగంలో జీవితకాల కృషికి ఆయన పేరిట అవార్డును ప్రదానం చేస్తున్నారు. గెర్టీ 1991లో, లిటిల్ నీమో 2009లో, లుసిటానియా 2017లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో స్థానం పొందాయి.

మిగిలిన మెకే చిత్రకథలను, లఘుచిత్రాలను నేడు ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వంద సంవత్సరాలకు పూర్వం షికాగో ప్రేక్షకులు టిక్కెట్టు కొని చూసిన గెర్టీ, నేడు ఏ పల్లెలోని విద్యార్థి పిలిచినా గుహలో నుండి తొంగిచూస్తుంది. నిశితంగా గమనిస్తే ఆ చిత్రాలలో వెనుకనున్న కొండల రేఖలు సన్నగా వణుకుతూ కనిపిస్తాయి. అది లోపం కాదు. ప్రతి కాగితంపైనా ఆ కొండను ఒక మనిషి చేయి మళ్లీ గీసిందనడానికి అది గుర్తు. పనిని భారంగా కాక ఆనందంగా భావించి, నేర్చినదాన్ని దాచుకోకుండా పంచిన కళాకారుని శ్రమ ఆ రేఖలలో సజీవంగా ఉంది. బొమ్మకు ప్రాణం పోయడమంటే తన ఊపిరిని దానికి ఇవ్వడమేనని విన్సర్ మెకే జీవితం మనకు బోధిస్తున్నది.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. విన్సర్ మెకే చిత్రకథలలో ప్రవేశపెట్టిన కొత్త పోకడలను వివరించండి.

2. గెర్టీ, లుసిటానియా చిత్రాల నిర్మాణంలో మెకే చూపిన పట్టుదలను, వాటి ప్రత్యేకతలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. జాన్ గుడిసన్ మెకేపై చూపిన ప్రభావం ఎట్టిది?

2. మెకే తన చిత్రానికి డైనోసార్‌నే ఎందుకు ఎన్నుకున్నారు?

3. హర్‌స్ట్ సంస్థలో మెకేకు ఎదురైన ఆటంకాలు ఏవి?

4. 1927 నాటి సన్మానసభలో మెకే ఆవేదనకు కారణమేమిటి?